చెట్టు మీద మిగిలిందే మా పని

(ఒక కాలనీ సంక్షేమ సంఘం హాలులో, ఆదివారం ఉదయం, చెట్ల సంరక్షణ పని చేసే ఒకరు ఇచ్చిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. కాలనీ పెద్దలకు, పక్క కాలనీల నుంచి వచ్చినవాళ్లకు, హార్టికల్చర్ డిప్లొమా చదువుతున్న పిల్లలకు కూడా. సెక్రటరీ గారు నన్ను పిలిచినప్పుడు ‘మీ పని గురించి, మీ సామాను గురించి చెప్పండి చాలు’ అన్నారు. అందుకే సామానంతా తెచ్చి ఈ బల్ల మీద పరిచాను. మీటింగ్ అయ్యాక ముట్టుకుని చూడొచ్చు. రంపాల జోలికి మాత్రం పిల్లలను రానివ్వకండి.

సామాను కంటే ముందు మా కూలి ఎలా తేలుతుందో చెప్పాలి. చెట్టు బతుకు అక్కడే తేలిపోతుంది కాబట్టి.

మన దగ్గర చెట్టు కొట్టించాలంటే ట్రాలీ ఆటోవాళ్లను పిలుస్తాం. బేరం ఎలా నడుస్తుందో మీకు తెలిసిందే. ‘కట్టె మేం తీసుకుపోతాం సార్, కూలి తగ్గించి ఇవ్వండి’ అంటారు. చెట్టు పెద్దదైతే కూలే అడగరు, ఎదురు మనకే డబ్బులిస్తారు. ఇంటివాళ్లకు అది లాభంగా కనిపిస్తుంది. కానీ ఆ బేరం కుదిరిన క్షణం నుంచి చెట్టెక్కిన మనిషి కన్ను దేని మీద ఉంటుంది? అడితిలో కట్టె తూకానికి పోతుంది. వేలెడు ఎండుపుల్లలకు తూకం రాదు, తొడలావు పచ్చికొమ్మకు వస్తుంది. చెట్టు మీంచి తీయాల్సినవి ఆ ఎండుపుల్లలు, ఉంచాల్సింది ఆ పచ్చికొమ్మ. ఇక మీరు కింద నిలబడి ‘కొంచెం పైపైన తీయవయ్యా’ అని ఎంత అరిచినా ఏం లాభం? మీరే కట్టెకు ఒప్పుకున్నారు, ఆయన కట్టె దించుతున్నాడు.

వాళ్లను నేను తప్పుపట్టడం లేదు. ఒక గొడ్డలి, ఒక నైలాన్ తాడు, కాళ్లకు చెప్పులు కూడా లేకుండా నలభై అడుగులు ఎక్కి పనిచేసేవాళ్ల ధైర్యం, చేతి ఒడుపు నాకు తెలుసు. మాది కల్లుగీత కుటుంబం. తాటిచెట్టు ఎక్కే మోకు, ముస్తాదు చూస్తూ పెరిగినవాణ్ని. ఆ మనుషులకు మనం కట్టే ఖరీదు తప్పు. చెట్టు నుంచి ఎంత కిందికి వచ్చిందన్న లెక్క మీద డబ్బు ఇస్తున్నంతకాలం పనిమంతుడు కూడా చెట్టును మోడు చేసే వెళ్తాడు.

మోడు చేస్తే ఏమవుతుంది, రెండు వానలు పడితే మళ్లీ చిగురిస్తుంది గదా అంటారు. చిగురిస్తుంది, నిజమే. గుబురుగా వస్తుంది కూడా. చెట్టు ఆకుతో తిండి వండుకుంటుంది. ఆకంతా ఒక్కసారి పోతే కాండంలో దాచుకున్న పిండిని ఖర్చుపెట్టి, కోసిన చోట చుట్టూ నీటికొమ్మలు తోస్తుంది. ఈ నీటికొమ్మ పాత కొమ్మలా కాండం లోపలి నుంచి పొరపొరగా కలిసి పెరగదు. పైపొరకు అతుక్కుని లేస్తుంది. ఏటేటా బరువెక్కుతుంది, దాని కింద కోసిన మొద్దేమో పుచ్చిపోతూ ఉంటుంది. నాలుగైదేళ్ల తర్వాత ఏప్రిల్‌లో ఈదురుగాలి వచ్చినప్పుడు కారు మీద పడేది ఆ కొమ్మే. అప్పుడు ‘ఈ చెట్టే ప్రమాదం’ అని మొదలంటా కొట్టేస్తారు. ఈ వరుస మన నగరంలో ఏ వీధిలోనైనా చూడొచ్చు.

ఇదిగో, ఈ వేపకొమ్మ ముక్క చూడండి. ముందు వరుసవాళ్లు చూసి వెనక్కి పంపండి. కొమ్మ కాండంలో కలిసే చోట వేలుతో తడమండి. ముడతలు పడ్డ ఉబ్బు తగులుతుంది. మేం దాన్ని కాలర్ అంటాం. మా పని మొత్తంలో ముఖ్యమైన చోటు అదే. చెట్టుకు గాయం మనకు మానినట్టు మానదు. పాడైన చెక్కను అది బాగుచేసుకోలేదు. పుచ్చు లోపలికి పాకకుండా చుట్టూ గోడ కట్టుకుని, దాని మీదుగా కొత్త చెక్క పెంచుకుంటుంది. అమెరికా అటవీ సర్వీసులో పనిచేసిన అలెక్స్ షైగో గారు దీన్ని తేల్చి చెప్పారు. ఒక్క మనిషి మోయగలిగే చైన్ సాలు, అంటే ఇంజిన్‌తో తిరిగే గొలుసు రంపాలు, అప్పుడప్పుడే వస్తున్న కాలం. ఆయన వేలాది చెట్లను నిలువునా కోసి, పుచ్చు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూశారు. 2006లో పోయారు. ఆయన ముఖం ఎప్పుడూ చూడకపోయినా, రంపం పట్టిన ప్రతిసారీ ఆయన చెప్పిన గీత మీదే కోస్తాను.

ఆ గీత ఇదీ. కాలర్‌ను చెట్టుకు వదిలేసి, దానికి సరిగ్గా బయట కోయాలి. నున్నగా కనిపించాలని కాండానికి ఆనించి కోస్తే కాలర్ కూడా పోతుంది. చెట్టు గోడ కట్టుకునే చోటునే మనం తీసేసినట్టు. జానెడు మొద్దు వదిలితే అది ఎండి, పుచ్చి, పుచ్చును లోపలికి తీసుకెళ్తుంది. లావు కొమ్మను ఒకే కోతలో తీయకూడదు. మొదట కాండానికి అడుగు దూరంలో కింది నుంచి పైకి మూడోవంతు కోత. తర్వాత దానికి కొంచెం అవతల పైనుంచి కోత. కొమ్మ విరిగి పడిపోతుంది, బెరడు చీలి కాండం దాకా రాదు. చివరికి మిగిలిన ఆ చిన్న మొద్దును కాలర్ దగ్గర నిదానంగా తీయాలి. మూడు కోతలకు పట్టే అదనపు సమయం రెండు మూడు నిమిషాలు.

(సభలో ఒకరు: కోసిన చోట తారు పూయాలా?)

వద్దమ్మా. తారు, ఎనామెల్ పెయింటు పూస్తే మన కంటికి బాగుంటుంది గానీ పుచ్చు ఆగదు. లోపల తడి అలాగే నిలుస్తుంది. తోటల్లో ఫలానా తెగులుకు ఫలానా పంటకు బోర్డో పేస్టు పూయమని మీ కాలేజీలో చెప్తారు. అది వేరే సంగతి, దాన్ని నేను కాదనను. రోడ్డు పక్క చెట్టుకు కోత సరైన చోట పడితే చాలు, పూతలేం అక్కర్లేదు.

ఇప్పుడు సామాను. నేను చెట్టు దగ్గరికి వెళ్లగానే ఇందులో ఏదీ బయటికి తీయను. ముందు చుట్టూ తిరుగుతాను. చెట్టు మొదట్లో బెరడు మీద పళ్లెంలా పుట్టగొడుగు ఉందా, వేరు దగ్గర మట్టి ఒకవైపు పగిలిందా, ఈ మధ్య కేబుల్ కోసమో డ్రైనేజీ కోసమో తవ్వి వేళ్లు నరికారా అని చూస్తాను. ఈ చెక్క సుత్తితో కాండం మీద తడతాను. గట్టిచెక్క ఒకలా పలుకుతుంది, తొర్ర ఉంటే డొల్లగా పలుకుతుంది. ఆ తర్వాత పైకి చూస్తాను. కాకిగూడు, పెర తేనెపట్టు, మామిడి మీద ఆకులు కుట్టి గూళ్లు పెట్టే ఎర్రచీమలు. గూట్లో పిల్లలుంటే ఆ పని వాయిదా, ఇంటివాళ్లు ఎంత తొందరపెట్టినా. పెర తేనెటీగలను చైన్ సా మోతతో రేపితే పైనున్నవాడికి పారిపోయే దారి ఉండదు.

ఈ చిన్న సంచిలో సీసం గుళ్లు ఉంటాయి, బరువు పావుకిలోకు కాస్త పైన. దీనికి సన్నటి దారం కట్టి, పైన నమ్మకమైన కొమ్మ చీలికలోంచి విసురుతాం. అది దాటి కిందికి వచ్చాక, ఆ దారంతో అసలు తాడును లాగుతాం. ఎక్కే తాడు ఇదీ, సుమారు 12 మిల్లీమీటర్ల మందం, రెండు టన్నుల పైన లాగినా తెగదు. కత్తి అంచు తగిలితే మాత్రం ఒక్క క్షణంలో తెగుతుంది. నడుముకు, తొడలకు ఈ బెల్టు. తాడు మీద ఈ ముడి చూడండి. బరువు పడితే బిగుస్తుంది, చేత్తో వత్తితే జారుతుంది. పట్టు వదిలినా ఉన్నచోటే ఆగిపోతాను. మోకుతో ఎక్కే గీత కార్మికుడికి ఆ సౌకర్యం లేదు. కాళ్లు జారితే కిందికే. 2024లో తెలంగాణ ప్రభుత్వం ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో గీత కార్మికులకు భద్రత కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మా ఊళ్లో తాటిచెట్టు మీద నుంచి పడి నడుం పోయినవాళ్లను చూసినవాణ్ని కాబట్టి, ఆ వార్త చదివిన రోజు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. చెట్లు కొట్టే కూలీలకు కూడా అలాంటిది రావాలని నా కోరిక.

బెల్టుకు పక్కన వేలాడే ఈ పొట్టి తాడు లోపల ఉక్కు తీగ ఉంది. ఇది కాండం చుట్టూ తిప్పి కట్టుకోవడానికి. చైన్ సా స్టార్ట్ చేసే ముందు ఎప్పుడూ రెండు చోట్ల కట్టుకుని ఉండాలి. ఒకటి పొరపాటున రంపానికి తెగినా ఇంకొకటి పట్టుకుంటుంది. ఇక ఇవి, మేకుల్లా ముందుకు పొడుచుకొచ్చిన కాలి ఇనుములు. కొట్టేయబోయే చెట్టుకే వీటిని వాడతాను. బతకాల్సిన చెట్టు ఎక్కేటప్పుడు తొడుక్కుంటే అడుగడుక్కీ బెరడులో చిల్లు పడుతుంది. ఎవరైనా మీ వేపచెట్టును కొమ్మలు తీయడానికి వీటితో ఎక్కుతుంటే అక్కడే ఆపండి.

చైన్ సా గురించి పిల్లలు ఎక్కువ అడుగుతారు. ఇది పైన ఒక చేత్తో పట్టుకునే వీలున్న చిన్నది, అది కింద దుంగలు కోసే పెద్దది. లీటరు పెట్రోల్‌కు 20 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్. ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ వస్తోంది. అది తేమను పీలుస్తుంది. నెలల తరబడి ట్యాంకులో వదిలేస్తే కార్బురేటర్ పాడవుతుంది. అందుకే పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా నడిపి దాచుకుంటాను. చైన్‌కు వేసే నూనె వేరు. బండిలోంచి తీసిన వాడేసిన ఇంజిన్ ఆయిల్ పోసేవాళ్లున్నారు. అదంతా చెట్టు మీద, కింద మీ మట్టిలో పడుతుంది.

బ్లేడు కొస పైభాగం, ఇదిగో ఈ పావు భాగం, దేనికైనా తగిలితే రంపం ఒక్కసారిగా మొహం మీదికి ఎగిరి వస్తుంది. మనిషి చేయి దాన్ని ఆపలేదు. అందుకే ఈ ముందు కవచం. మణికట్టు తగిలి ముందుకు పోగానే బ్రేకు పడి చైన్ ఆగుతుంది. రోజూ మొదట చూసుకునేది ఆ బ్రేకు పనిచేస్తుందా అని. ఇక ఈ ప్యాంటు. పైకి మామూలుగానే ఉంది గదా. లోపల పొడవాటి నార పొరలు ఉన్నాయి. తిరుగుతున్న చైన్ గుడ్డను చీల్చగానే ఆ నార బయటికొచ్చి చైన్‌కు చుట్టుకుని, లోపల తిప్పే చక్రాన్ని బిగదీసి ఆపేస్తుంది. క్లాస్ 1 అంటే సెకనుకు 20 మీటర్ల వేగంతో తిరిగే చైన్‌కు పరీక్ష పెట్టినదని. మే నెల ఎండలో దీన్ని వేసుకుని పనిచేయడం కష్టమే. అయినా తెల్లవారే మొదలుపెట్టి పది, పదకొండుకల్లా దిగిపోతాను గానీ, ప్యాంటు విప్పి పనిచేయను.

సాయంత్రం ఇంటికి వెళ్లాక అసలు పని సగం ఉంటుంది. చైన్‌కు పదును పెట్టడం. ఈ చిన్న రంపం పళ్లకు 4 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి సరిపోతుంది. పంటి పైఅంచుకు 30 డిగ్రీల కోణంలో, లోపలి నుంచి బయటికి, ఒక్క దిశలోనే రుద్దాలి. వెనక్కి లాగేటప్పుడు ఎత్తేయాలి. ప్రతి పంటికీ అన్నే రుద్దులు. ఒక పక్క పళ్లు పొట్టివైతే కోత ఆ పక్కకే వంకరపోతుంది. పదునుందో లేదో రంపపు పొట్టు చెప్తుంది. రవ్వరవ్వలుగా రాలితే పదును ఉన్నట్టు, పిండిలా రాలితే పోయినట్టు. మొద్దుబారిన రంపంతో మనిషి నొక్కి కోస్తాడు. నొక్కి కోసేవాడు అలసిపోతాడు, అలసినవాడి కాలు తప్పుతుంది. మా పనిలో ప్రమాదాలు మధ్యాహ్నం వేళ ఎక్కువ కావడానికి నా మటుకు నాకు కనిపించే కారణం ఇదే.

పైనుంచి దుంగ దించడం మరో విద్య. అడుగు మందం, మీటరు పొడవున్న పచ్చి దుంగ 65, 70 కిలోలు తూగుతుంది. అది ఒక మీటరు ఊరికే పడి తాడు మీద ఆగితే, తాడుకూ కట్టిన కొమ్మకూ తగిలే దెబ్బ దానికి ఎన్నో రెట్లు. అందుకే కింద తాడు పట్టేవాడు మా ప్రాణం. తాడును కాండం మొదట్లో రెండు మూడు చుట్లు తిప్పి, ఆ రాపిడితో దుంగను నెమ్మదిగా వదలాలి, ఒక్కసారిగా బిగబట్టకూడదు. నా దగ్గర పనిచేసే తమ్ముడికి నా కూలిలో సగానికి ఏమాత్రం తక్కువ ఇవ్వను. కిందివాడిది హెల్పర్ పని అని తీసిపారేసేచోట పైవాడు ఎక్కకూడదు.

పడిపోయిన చెట్టు నిలబడ్డ చెట్టు కంటే ప్రమాదం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖలో తీరం దాటాక, రోడ్ల మీద పడిన చెట్లు కోయడానికి నేనూ వెళ్లాను. వేళ్లతో సహా లేచి అడ్డంగా పడ్డ చెట్టు కాండాన్ని కోస్తే, ఆ వేళ్లూ మట్టీ కలిసిన గడ్డ కాండం బరువు పోగానే తటాలున మళ్లీ గుంతలోకి నిలబడుతుంది. ఆ గుంతలో మనిషి గానీ ఆడుకునే పిల్లలు గానీ ఉంటే ఇక చెప్పేదేం లేదు. వంగి బిగుసుకున్న కొమ్మ కూడా అంతే, కోయగానే ఎటు ఎగురుతుందో చూసి నిలబడాలి. తుఫాను తర్వాత ఇంట్లో ఉన్న గొడ్డలి పట్టుకుని సాయానికి దిగే కుర్రవాళ్లకు ఈ రెండు మాటలూ దయచేసి చెప్పండి.

కరెంటు సంగతి ఒక్క నిమిషం. తీగల దగ్గర లైన్‌మన్‌తో మాట్లాడి లైన్ క్లియర్ తీసుకోకుండా, అంటే ఆ లైన్లో కరెంటు ఆపించకుండా, ఎక్కను. తీసుకున్నాక కూడా తీగను ముట్టను. ఎక్కడో ఒక ఇంట్లో జనరేటరో ఇన్వర్టరో సరిగా కట్టకపోతే, ఆ కరెంటు వెనక్కి లైన్లోకి వస్తుంది. పచ్చికొమ్మ గుండా కూడా కరెంటు పారుతుంది. ‘తీగకు తగలడం లేదులే, ఆకులే తగులుతున్నాయి’ అనే మాట నేను విన్నంతమంది నోట మీరు విని ఉండరు.

చెట్టుకు వైద్యం అంటే కోయడమే అనుకోవద్దు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి మీలో చాలామంది చూసే ఉంటారు. మూడెకరాల చెట్టు, 700 ఏళ్లదంటారు. చెదలు లోపల తినేసి 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగింది, సందర్శకులను ఆపేశారు. 2018లో అటవీ అధికారులు సెలైన్ సీసాలు వేలాడదీసి, క్లోరోపైరిఫాస్ అనే పురుగుమందు పలచగా కలిపిన నీళ్లు చుక్కచుక్కగా చెట్టులోకి ఎక్కించారు. చెట్టు మొదట్లో మట్టికీ మందు పట్టించారు, వాలిన కొమ్మలకు సిమెంటు స్తంభాలు ఆనించారు. పేపర్లో సెలైన్ ఫొటో చూసి అందరూ వింతగా చెప్పుకున్నారు. నాకు ఆ స్తంభాలు ఎక్కువ నచ్చాయి. కొమ్మ బరువు మోయలేకపోతోంది అనగానే కొట్టేద్దాం అనకుండా, కిందొక ఆసరా పెట్టారు. మర్రికి ఆ ఆసరా మామూలుగా ఊడే ఇస్తుంది. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను అన్ని ఎకరాలు పరుచుకుని నిలబడిందంటే ఊడల మీదే. అక్కడ లేత ఊడలకు వెదురు గొట్టం కట్టి, మట్టి, ఎరువు నింపి నేలకు దించుతారు. మన వీధుల్లో బండ్లకు అడ్డమని మొదట కోసేది ఆ ఊడలనే. ఊడలు కోసిన పదేళ్లకు ‘కొమ్మ వాలిపోతోంది’ అని నాకు ఫోన్ చేస్తారు.

వేప గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. నాలుగైదేళ్లుగా వానాకాలం చివర కొసలు మాడిపోయి, చెట్టంతా కాల్చినట్టు కనిపిస్తోంది. అది ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం వల్ల వచ్చే ఎండుతెగులు, దానికి టీ దోమ అనే రసం పీల్చే పురుగు కూడా తోడైంది. చూసి భయపడి చెట్టు కొట్టించకండి. ఎక్కువ చెట్లు మళ్లీ చిగురిస్తున్నాయి. మాడిన కొసలు తీసి కాల్చేయాలి, చెట్టు మొదట్లో నీళ్లు అందేలా చూడాలి. చిన్న చెట్టయితే మందు కొట్టొచ్చు. పెద్ద చెట్టుకు పైదాకా కొట్టడం మీ వల్లా నా వల్లా అయ్యే పని కాదు, నేను ఆ డబ్బు తీసుకోను.

అనుమతి సంగతి అడగకుండా నేను చెట్టు కొట్టను. 2002లో వచ్చిన వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం, రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. మీ స్థలంలో మీరు నాటుకున్న చెట్టయినా కొట్టాలంటే అటవీ శాఖకు దరఖాస్తు పెట్టాలి. సుబాబుల్, యూకలిప్టస్, సరుగుడు లాంటి కొన్నింటికి మినహాయింపు ఉంది.

(సభలో ఒకరు: మీరు తీసుకునే డబ్బు మామూలు వాళ్లకంటే ఎక్కువ అంటున్నారు.)

ఎక్కువే సార్, దాచను. ఈ బల్ల మీదున్నదంతా కొంటే లక్ష దాటుతుంది, చాలావరకు విదేశీ సరుకు. తాడు చూపుకు బాగున్నా ఏళ్లు గడిస్తే మార్చేయాలి. నాకు, తమ్ముడికి ప్రమాద బీమా నేనే కడతాను. వానాకాలంలో వారాలకు వారాలు పని ఉండదు, గాలిదుమారం వచ్చిన రోజు నలభై ఫోన్లు వస్తాయి. ఇవన్నీ కలిపే రేటు. కానీ మీరు పోల్చుకునే లెక్క వేరేగా ఉండాలి. ట్రాలీ ఆయనకు ఇచ్చే కూలి తక్కువ, ఎందుకంటే మిగతాది ఆయన మీ చెట్టు నుంచి తీసుకుంటున్నాడు.

నేను చెట్టు చూశాక కాగితం మీద రాసిస్తాను. ఏ కొమ్మ, ఎందుకు, ఎక్కడ కోస్తాను, చెట్టు మీద ఎంత మిగులుతుంది. పచ్చి ఆకులో నాలుగోవంతు మించి ఒక ఏడాదిలో తీయను. కట్టె మీదే. మీకు వద్దంటే అడితికి నేనే పంపి, వచ్చిన డబ్బు మీకిస్తాను, లేదా కూలిలో తగ్గిస్తాను. ఎంత తూగిందో చీటీ చూపిస్తాను. మీరు నన్ను పిలవకపోయినా పర్వాలేదు. ఇంతకుముందు పిలిచే మనిషినే పిలవండి. ఆయనతో ముందు చెట్టు కింద నిలబడి, ఉంచే కొమ్మలకు సున్నం గుర్తు పెట్టించండి. కూలి పూర్తిగా మాట్లాడుకోండి. కట్టె సంగతి అప్పుడు ఎత్తకండి. పని అయ్యాక, ఆయన దిగి మంచినీళ్లు తాగాక, పడ్డ కట్టెకు విడిగా బేరం చేసుకోండి.